తోక కత్తిరించని మెయిళ్ళు

తలుపు తోసుకుని వచ్చిన ఆవిడ ఒక కాలికి నల్లచెప్పు, రెండో కాలికి గోధుమరంగు చెప్పు వేసుకుని ఉంది. అది ముందు చూసింది సైరన్. దాని అర్థం ముందు చెప్పింది మాత్రం పిన్ని.

"ఇంట్లో ఎవరితోనో మాటా మాటా అనుకుని, కాళ్ళకి ఏది దొరికితే అది తగిలించుకుని వచ్చేశావు. కూర్చో తల్లీ. ఒరేయ్, నీళ్ళివ్వు."

సైరన్ పిన్నికి అక్క కొడుకు. పదేళ్ళకి పైగా ఆంబులెన్స్ నడిపాడు కాబట్టి ఆ పేరొచ్చింది, గొంతు కూడా పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఒకసారి తాను బండిని ఎంత జోరుగా తోలాడంటే, రోగికి నొప్పి మొదలయ్యేలోపే ఆస్పత్రికి చేరిపోయి, నొప్పి వచ్చేదాకా ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టాల్సి వచ్చిందని ఇప్పటికీ చెబుతుంటాడు. అలాంటివాడు కూడా, పిన్ని బుర్ర ముందు నా బండి ఎడ్లబండే అంటాడు. పిన్ని పోస్టల్ శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైంది. ఇప్పుడు టైర్ల కొట్టు మీద రెండు గదులు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తోంది. సైరన్ ఆమెకి డ్రైవరు, గుమాస్తా, చప్పట్లు కొట్టేవాడు.

నీళ్ళు తాగాక ఆవిడ నోరు విప్పింది.

"నన్ను మా అపార్ట్‌మెంట్లో లిస్టక్క అంటారండీ. మా మెయిలింగ్ లిస్టు నేనే చూస్తాను, ఊరికే, జీతం లేకుండా. ఒక అడ్రసుకి మెయిల్ రాస్తే బిల్డింగులో అందరికీ వెళ్తుంది. మా కమిటీ నిర్ణయాలన్నీ అందులోనే. ప్రతిపాదన పెడతారు, గడువిస్తారు, ఆలోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క."

"బాగుంది. నోరు మూసుకుంటే ఓటేసినట్టు," అంది పిన్ని. "తర్వాత?"

"కింద హాల్లో మా వదిన బిల్డింగులో పిల్లల్ని చూసుకుంటుంది. ఉద్యోగాలకెళ్ళే తల్లులు పొద్దున పిల్లల్ని దింపి వెళ్ళి సాయంత్రం తీసుకెళ్తారు. ఆ హాలు ఖాళీ చేయించి జిమ్ము పెడదామని ప్రతిపాదన వచ్చింది. ఒక్కరూ అడ్డు చెప్పలేదు. సోమవారం తాళం వేస్తామని తలుపు మీద కాగితం అంటించాక తల్లులందరూ నా మీదకొచ్చారు, మాకసలు మెయిలే రాలేదని. చూస్తే ఏముంది, అందరూ లిస్టులోంచి పోయారు. పిల్లల తల్లులు మాత్రమే పోయారు."

"లిస్టులో పేర్లు చేర్చే, తీసే తాళం ఎవరి దగ్గరుంది?"

"నా ఒక్కదాని దగ్గరే." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "లిస్టు రికార్డులో మాత్రం ఎవరికి వాళ్ళే తప్పుకున్నట్టుంది. ఆ మాట చెబితే, మా పిల్లల్ని మేమే వీధిలో పెట్టుకున్నామంటావా అని మండిపడ్డారు. పొద్దున మా వదిన అన్న మాట... నా పొట్ట కొట్టడానికి బయటివాళ్ళు అక్కర్లేదు, ఆడపడుచు చాలు అంది. ఇరవై ఏళ్ళుగా ఒకే వంటింట్లో తిరిగామండీ."

సైరన్ ఇంకో గ్లాసు నీళ్ళు తెచ్చి పెట్టాడు. పిన్ని మాత్రం అడగడం ఆపలేదు.

"మనిషి తనంతట తాను ఎలా తప్పుకుంటాడు?"

"ప్రతి మెయిలు కిందా లిస్టు ఒక తోక తగిలిస్తుందండీ. తప్పుకోవాలంటే ఇక్కడ నొక్కండి అని. ఎవరి తోక వాళ్ళది, ఎవరి లింకు వాళ్ళది. నొక్కితే ఒక పేజీ వస్తుంది. ఫలానా అడ్రసు తీసేయమంటారా అని అడుగుతుంది. అవునంటే తీసేస్తుంది."

"ఏ ఇంట్లోంచి నొక్కారో తెలియదా?"

"బిల్డింగంతటికీ ఒకటే ఇంటర్నెట్ లైనండీ. అందరూ ఒకే చోట నుంచి నొక్కినట్టే ఉంటుంది."

"తీసేశాక వాళ్ళకి కబురు వెళ్ళదా?"

"ఇదివరకు వీడ్కోలు మెయిల్ వెళ్ళేది. జనం చిరాకు పడుతున్నారు, ఆపేయమ్మా అని సెక్రెటరీగారు కమిటీ తరఫున అడిగితే ఈ మధ్యే ఆపేశాను."

"హాలు ఖాళీ చేయించడం ఇష్టం లేనివాళ్ళలో లిస్టులో మిగిలినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

లిస్టక్క ఆలోచించింది. "ప్రూఫు తాతగారు ఒక్కరే. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. కమిటీకి ఆయనంటే హడల్. ఆయన పేరు చెక్కు చెదరలేదు. మరి ఎందుకు రాయలేదో."

పిన్ని సంచీ భుజానికి తగిలించుకుంది. "ఒరేయ్, బండి తియ్. మెల్లగా."

*

అపార్ట్‌మెంట్ కింద, కార్లు పెట్టుకునే చోట, కమిటీ ప్రెసిడెంటు నిలబడి ఎవరినో కేకలేస్తున్నాడు. మెడ లేని మనిషి, మాటకి తాళం లేదు.

"జిమ్ము కావాలని అన్నది నేనే. దాచేదేముంది? గడువిచ్చాం, ఎవరూ కిక్కురుమనలేదు. ఇప్పుడొచ్చి ఏడిస్తే?"

"మీ మెయిల్ ఫోన్లో చూస్తారా?" అంది పిన్ని.

"ఆఫీసు అడ్రసండీ నాది. ఇన్సూరెన్సు కంపెనీ. ప్రతి మెయిల్నీ మా కంప్యూటర్లు గాలించి, అందులో లింకులన్నీ తట్టి చూసి, విషం లేదంటేనే లోపలికి రానిస్తాయి. పెళ్ళి శుభలేఖని కూడా దొంగని చూసినట్టు చూస్తాయి."

"వీడే," అని గొణిగాడు సైరన్ మెట్లెక్కుతూ.

"నువ్వు మొదటి మనిషిని చూసినప్పుడల్లా అదే అంటావు."

సెక్రెటరీ ఇల్లు సరిగ్గా పిల్లల హాలు మీదే. ఆయన తలుపు తీసేసరికి చెంప మీద దిండు మడత ఉంది, చెవుల్లో దూది ఉంది. మాట వెన్న.

"రండమ్మా, రండి. పాపం లిస్టక్క మంచిదే. కానీ తప్పు తప్పే కదా, నమ్మకం పోయాక ఏం చేస్తాం. నాకా కంప్యూటర్ల ఓనమాలు కూడా రావు. మెయిలొస్తే చదువుతాను, అంతే."

కింద పిల్లలు గుక్కతిప్పుకోకుండా ఏదో పాట అందుకున్నారు. సెక్రెటరీ లేచి వెళ్ళి కిటికీ మూశాడు. అద్దం గలగలమంది.

"రోజూ ఇంతేనా?" అంది పిన్ని.

"పిల్లలు కదమ్మా. దేవుళ్ళతో సమానం."

తల్లుల్లో ఒకావిడ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో దొరికింది. చంకలో పిల్ల, చేతిలో ఫోను.

"లిస్టక్క పంపిందా మిమ్మల్ని? మేమే వెళ్ళిపోయామని చెప్పిందా? సోమవారం నుంచి ఈ పిల్లని ఐసీయూలో మంచం కింద పడుకోబెట్టుకోనా?"

"నువ్వు లిస్టుకి చివరగా రాసిన మెయిల్ చూపించు తల్లీ."

నర్సు చూపించింది. పైన 'సరే అండీ' అని ఒక్క ముక్క. దాని కింద ఎవరో రాసిన మెయిలు, దాని కింద ఇంకోటి, తోకలతో సహా. పిన్ని వేలితో జరుపుతూనే ఉంది. అది ఎంత పొడుగుందంటే, ఫోన్లోంచి బయటికి తీసి పరిస్తే వీధి చివర దాకా వస్తుందని సైరన్ తర్వాత అందరికీ చెప్పాడు.

"ఇంత పొడుగేంటమ్మా?"

"రిప్లై నొక్కి రాసేస్తాం. కింద ఉన్నది చెరపడానికి తీరికేది? మా తల్లులందరం అంతే. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో పని."

ప్రూఫు తాత పక్కవీధిలో, కూతురింటి వరండాలో కూర్చున్నాడు. కంటికి కట్టు.

"ఆపరేషనమ్మా. ఫోను ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. లేకపోతే ఆ ప్రతిపాదనని చీల్చి పారేసేవాణ్ణి." తన ఫోను తీసి, కూతురి చేత పాత మెయిళ్ళు తెరిపించి చూపించాడు. అన్నీ రెండేసి వాక్యాలు. కింద ఏమీ లేదు. "అనవసరంగా ఒక్క అక్షరం కనబడినా నా చెయ్యి ఊరుకోదు. కొట్టేస్తాను."

బండెక్కి పిన్ని తలుపు దబ్బున వేసుకుంది. "పాపిష్టి పని," అంది. ఆ గొంతు విని సైరన్ హారన్ కొట్టడం కూడా మర్చిపోయాడు.

మర్నాడు నర్సు పేరు మళ్ళీ లిస్టులో చేరింది. ఆమె పేరుతో లిస్టుకి ఒక మెయిల్ వెళ్ళింది: 'సోమవారం తాళం వెయ్యనివ్వను. కమిటీ ముందు నిలబడి అడ్డు చెబుతాను.' ఎప్పటిలాగే కింద పాత మెయిల్, దాని తోక. పిన్ని, లిస్టక్క తలుపేసుకుని కూర్చుని అది తయారు చేశారు. సైరన్‌కి తెలిసిందల్లా, సాయంత్రం లిస్టక్క కంప్యూటర్ చూసి "ప్రెసిడెంటుగారి దాన్ని తట్టారు" అన్న మాట.

"నేను చెప్పలేదూ?" అన్నాడు సైరన్.

"తలుపు తట్టినవాడల్లా దొంగ కాదురా," అంది పిన్ని.

*

ఆదివారం అందరినీ పిల్లల హాల్లోకే పిలిచింది. పెద్దవాళ్ళందరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా చిన్న చిన్న కుర్చీల్లో కూర్చున్నారు. ప్రెసిడెంటు కుర్చీ కిర్రుమంటోంది. సెక్రెటరీ చేతులు కట్టుకుని చిరునవ్వుతో ఉన్నాడు. తల్లులు గోడవారన నిలబడ్డారు. వదిన నిద్రపోతున్న ఒక పిల్లని భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. లిస్టక్క వైపు చూడలేదు.

"లిస్టక్కే ఈ పని చేసుంటే," అని మొదలుపెట్టింది పిన్ని, "ముందు ప్రూఫు తాతని తీసేసేది. ఆయనొక్కడు లేస్తే చాలు, ప్రతిపాదన పడిపోతుంది. తాళం చేతిలో ఉన్నదానికి ఆయన్ని తీయడం చిటికెలో పని. తీసినవాడు ఆయన్ని ఎందుకు వదిలేశాడు? తీయలేక వదిలేశాడు. ఎందుకు తీయలేకపోయాడు?"

పిన్ని నర్సు ఫోను అందుకుని, ఆ పొడుగాటి మెయిలు తెరిచి అందరికీ చూపించింది.

"ప్రతి మెయిలు కిందా ఎవరి తోక వాళ్ళకుంటుంది. అది చేతిలో ఉంటే ఆ మనిషిని లిస్టులోంచి తీసేయొచ్చు. ఈ తల్లులకి తీరిక లేదు. వచ్చిన మెయిలు కిందే జవాబు రాసి పంపేస్తారు. అంటే తమ కాపీకి ఉన్న సొంత తోకని బిల్డింగంతా పంచిపెడుతున్నారు. ఇంటి తాళంచెవిని శుభలేఖతో పాటు పంచినట్టు. ఒకాయన వాటిని ఏరుకుని, ఒక్కొక్కరిని బయటికి నెట్టాడు. తాత మాత్రం కింద ఉన్నది కొట్టేస్తాడు. ఆయన తోక ఎవరికీ దొరకలేదు."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయితే నా చేత్తో నేనే ఇచ్చానా?"

"ఇవ్వడం నీ తప్పు కాదు తల్లీ. వాడడం వాడి తప్పు. నిన్నటి నీ మెయిల్ మేం పంపాం, నీ ఒప్పుదలతోనే. ఒక్కో ఇంటికి వెళ్ళిన కాపీలో తోక లింకు ఒక్కోలా పెట్టాం. ఏ లింకు నొక్కితే ఆ ఇల్లు దొరుకుతుంది."

ప్రెసిడెంటు ఠపీమని లేచాడు. కుర్చీ కూడా ఆయనతో పాటే లేచింది. "నా వైపు చూస్తారేం? నేను నొక్కలేదు."

"మీ కాపీని మీ ఆఫీసు కంప్యూటరు తట్టింది. తట్టి వదిలేసింది. తీసేయమంటారా అని పేజీ అడిగితే, యంత్రం అవుననదు. మనిషే అంటాడు." పిన్ని నెమ్మదిగా తిరిగింది. "ఒక్క కాపీకే రెండూ జరిగాయి. లింకూ నొక్కారు, అవునూ అన్నారు. సెక్రెటరీగారూ, అది మీది."

సెక్రెటరీ నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం దాన్ని వదిలేశాయి. "చెయ్యి జారిందేమో అమ్మా. నాకసలు కంప్యూటర్లు..."

"ఓనమాలు రావు. వీడ్కోలు మెయిల్ ఆపించాలని మాత్రం తెలుసు. చెయ్యి ఒకసారి జారుతుంది. పేజీ మీద ఈ అమ్మాయి అడ్రసు రాసుంది. అది చదివి, రెండోసారి కూడా జారిందా?"

"కమిటీ తరఫున ఆపించమని నేనెప్పుడన్నానయ్యా?" అన్నాడు ప్రెసిడెంటు. ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "నాకు జిమ్ము కావాలి, నిజమే. నీకు జిమ్మెందుకు?"

సెక్రెటరీ మొహం ఎర్రబడింది. "జిమ్ము ఎవడికి కావాలి? జిమ్ము పొద్దునా సాయంత్రమే నడుస్తుంది. మధ్యాహ్నం నిశ్శబ్దంగా ఉంటుంది. అన్నం తిని కన్ను మూద్దామంటే ఆ పాటలు, ఆ ఏడుపులు. రెండేళ్ళయింది నేను మధ్యాహ్నం నిద్రపోయి."

అప్పుడు నర్సు ముందుకొచ్చింది.

"నిద్ర కోసమా? రాత్రి డ్యూటీ చేసి నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అడిగారా ఎప్పుడైనా? పిల్లల గొడవ ఎక్కువైందని ఒక్కసారి కిందకి దిగొచ్చి చెప్పారా? చెబితే ఆ వేళకి పడుకోబెట్టేవాళ్ళం కదండీ. మా ఉద్యోగాలకి ఎసరు పెట్టి, ఆ నింద ఈవిడ నెత్తిన పెట్టి, పాపం లిస్టక్క అంటారా?"

"నేను ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు కనిపెట్టుకుని ఉన్నాను," అంది పిన్ని. ఆమె గొంతు పెంచడం సైరన్ ఆ రోజే విన్నాడు. "ఉత్తరాలు దొంగిలించినవాళ్ళని చాలామందిని పట్టుకున్నాను. ఆకలికి తీసినవాడున్నాడు, అసూయకి తీసినవాడున్నాడు. మనుషుల నోరు నొక్కేసి, చూశారా, వీళ్ళు కాదనలేదు అని రాసుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. మీకు సిగ్గు లేకపోయినా, మీ ముందు కూర్చున్నందుకు నాకు సిగ్గుగా ఉంది."

సెక్రెటరీ లేవబోయాడు. చిన్న కుర్చీ వదల్లేదు. సైరన్ వెళ్ళి దాన్ని ఊడదీసి, ఆయన్ని తలుపు దాకా సాగనంపాడు. ఆ పని ఎంత మర్యాదగా చేశాడో తర్వాత పది రకాలుగా చెప్పుకున్నాడు.

ప్రెసిడెంటు తలుపు మీద కాగితం తనే చించాడు. "గడువు మళ్ళీ మొదలు. అభ్యంతరాలు ఇప్పుడే చెప్పండి, నోటితో."

గోడవారన ఉన్న తల్లులు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. కొందరు గట్టిగా, కొందరు ఏడుస్తూ. చివరి ఆవిడ చెప్పేసరికి ప్రెసిడెంటు చెయ్యెత్తాడు. "చాలమ్మా, చాలు. జిమ్ము మేడ మీద పెట్టుకుంటాను."

జనం పల్చబడ్డారు. లిస్టక్క కుర్చీలు ఒకదానిలో ఒకటి దొంతర పెడుతూ తల ఎత్తలేదు. వదిన దగ్గరికొచ్చి, భుజం మీద పిల్లని జాగ్రత్తగా ఆమె చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. నా చెయ్యి తిమ్మిరెక్కింది."

లిస్టక్క పట్టుకుంది. పిల్ల నిద్రలోనే సర్దుకుని ఆమె మెడలో తల దూర్చింది.

"వదినా, నేను..."

"నువ్వేం చెప్పకు. అనరాని మాట అన్నది నేను." వదిన హాలు మూల చూపించింది. బొమ్మలు, చాపలు, దుప్పట్లు మూటలు కట్టి ఉన్నాయి. "ఖాళీ చేయాలి కదా అని ఏడుస్తూ కట్టాను. ముళ్ళన్నీ బిగుసుకుపోయాయి. పిల్లలు పొద్దున్నే వచ్చేస్తారు. రా, ఇద్దరం కూర్చుని విప్పుదాం."