ఇర్యా పళ్లెంలోని పలుకు

ఉత్తర ధ్రువానికి దగ్గరగా పారే ఇవాలో ఏటి ఒడ్డున వేసవిలో పొద్దు గుంకదు. అందుకని హెల్వీ గడియారం చూసే పొయ్యి రాజేస్తుంది. ఆ రోజు కూడా పొద్దున ఆరున్నరకు కాఫీ కెటిల్ నిప్పుల మీద పెట్టి, నల్లరొట్టె ముక్కలు కోసి వెన్న రాసింది. దోమలు ముసురుతున్నాయని ఆమె భర్త తౌనో పొగ కోసం పచ్చి కొమ్మలు తెచ్చి మంటలో వేశాడు.

ముప్పై నాలుగేళ్లుగా జూలై రెండో వారం ఈ కుటుంబం ఇక్కడే గుడారాలు వేస్తుంది. తౌనో రోడ్ల మీద మంచు తొలగించే బండి నడిపి రిటైరైనవాడు. బంగారంతో బతకాలని అతనెప్పుడూ అనుకోలేదు. ఏటి మలుపులో ఇసుక ఎత్తి, పళ్లెంలో పోసి, నీళ్లలో తిప్పితిప్పి గాలించడమే అతనికి సెలవు. వారమంతా గాలిస్తే మిగిలేది గోటి మీద పట్టేంత పొడి.

ఒక్కసారి మాత్రం శనగగింజంత బంగారు పలుకు దొరికింది. కూతురు ఇర్యాకు తొమ్మిదేళ్లప్పుడు అది ఆమె పళ్లెంలో కనిపించిందని ఇంట్లో చెప్పుకుంటారు. పళ్లెం ఎత్తి పట్టుకుని ఆమె నవ్వుతున్న ఫొటో ఊళ్లో కాఫీ హోటల్ గోడ మీద ఇప్పటికీ ఉంది. ఇర్యా ఇప్పుడు రొవానియెమిలో పిల్లలకు భూగర్భశాస్త్రం చెబుతుంది. ఏటా మొదటి పాఠం ఆ పలుకు కథతోనే మొదలవుతుంది.

ఆమె అన్న యోర్మా రెండేళ్లు పెద్ద. ఔలూలో ఎలక్ట్రీషియన్. మాట తక్కువ మనిషి. ఏ ఏడూ రావడం మానలేదు గాని, పలుకు ప్రస్తావన రాగానే కట్టెలు తెస్తానని లేచిపోతాడు. అది అతని అలవాటని అందరూ సర్దుకున్నారు.

నలుగురూ కాఫీ తాగుతుండగా తౌనో తన మోకాళ్లు ఇక ఈ చల్లని నీళ్లకు ఆగవని, వచ్చే ఏడు రాలేనని చెప్పాడు. జేబులోంచి చిన్న గాజు బుడ్డి తీశాడు. అందులో పలుకు ఉంది. ఎవరిది వాళ్లకు చేరాలంటూ దాన్ని ఇర్యా చేతిలో పెట్టాడు.

యోర్మా కప్పు కింద పెట్టాడు. మధ్యాహ్నమే బయల్దేరతానని చెప్పి గుడారం వైపు వెళ్లాడు. ఇంకా నాలుగు రోజుల సెలవుంది. ఇర్యాకు అర్థం కాక వెనకే వెళ్లింది. అతను బట్టలు సంచిలో కుక్కుతున్నాడు. నాన్న మాటకు బాధపడ్డావా, కావాలంటే చెరి సగం చేసుకుందామని ఆమె అంది.

యోర్మా సంచి మూతి కట్టడం ఆపాడు.

"అది నీకు దొరకలేదు ఇర్యా. నాకు దొరికింది. నాన్న నీ పళ్లెంలో వేశాడు."

ఆమె మొదట నవ్వింది. అతని మొహం చూసి ఆగిపోయింది. తిరిగి మంట దగ్గరికొచ్చి తండ్రిని అడిగింది. తౌనో కర్రతో నిప్పులు ఎగదోశాడు. చిన్నప్పటి ముచ్చట ఇప్పుడెందుకన్నాడు.

"ముచ్చట కాదు," అంది హెల్వీ. "ఆ రోజే చెప్పాను నీకు, వాడికి అన్యాయం చేస్తున్నావని."

అప్పుడు తౌనో చెప్పాడు. అంతకు ముందు రోజు ఇర్యా కాలు జారి ప్రవాహంలో పడింది. ముప్పై అడుగులు కొట్టుకుపోయాక గాని అతనికి అందలేదు. మర్నాడు ఆ పిల్ల నీళ్ల వైపు చూడనంది, ఇంటికి పోదామని ఏడ్చింది. అదే రోజు యోర్మా పలుకు తెచ్చి చూపించాడు. అది చెల్లి పళ్లెంలో కనిపిస్తే దాని భయం పోతుందని తండ్రికి తోచింది. భయం పోయింది కూడా.

"వాడు పెద్దవాడు కదా, మళ్లీ దొరుకుతుందనుకున్నాను," అన్నాడు తౌనో.

మళ్లీ దొరకలేదు.

ఇర్యా చాలాసేపు ఒడ్డున నిలబడింది. నీళ్లలో పడినట్టు ఆమెకు లీలగా గుర్తుంది. ఆ మర్నాటి సంతోషం మాత్రం నిన్న జరిగినంత స్పష్టంగా ఉంది. అబద్ధం మీద పుట్టిన సంతోషం గనక దాన్ని వదిలేయాలా అని ఆలోచించింది. వదలడం తన వల్ల కాలేదు. తనకు ఫొటో తీస్తున్నప్పుడు పదకొండేళ్ల అన్న ఎక్కడ నిలబడి ఉంటాడో ఊహించడానికి ప్రయత్నించింది. అది తెలియలేదు. తెలియలేదన్నదే ఆమెను ఏడిపించింది.

సంచి భుజాన వేసుకుని యోర్మా బయటికి వచ్చాడు. ఆమె ఎదురెళ్లి బుడ్డి అతని చేతిలో పెట్టబోయింది. అతను తీసుకోలేదు.

"నాకది వద్దు ఇర్యా. నువ్వు భయం లేకుండా నీళ్లలోకి దిగావు, అది నాకూ సంతోషమే. కానీ ఇన్నేళ్లలో నాన్న నన్నొక్క మాట అడగలేదు. అసలు నాకెక్కడ దొరికిందో ఆయనకు తెలీదు."

తౌనో మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. కొడుకు దగ్గరికి నడిచి, భుజం మీది సంచి తనే దించి పక్కన పెట్టాడు.

"ఎక్కడ దొరికింది రా?"

యోర్మా ఏటి వైపు చూశాడు.

"మలుపుకి పైన. అక్కడ నల్లరాయి నెర్రె ఇచ్చి ఉంది. అమ్మ వంట చెంచా తీసుకెళ్లి నేను గీకుతుంటే మెరిసింది. ఎక్కడ జారిపోతుందోనని నోట్లో వేసుకున్నాను."

"దారిలో ఎదురైతే ఆకలేస్తోందా అని అడిగాను, పలకలేదు నువ్వు," అంది హెల్వీ. "పొగరని తిట్టాను."

"నోరు తెరిస్తే పడిపోతుందని."

ఇర్యా ఏడుస్తూనే నవ్వింది. తౌనో నవ్వలేదు. టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"తరవాత?" అని అడిగాడు.

"తరవాత నీ దగ్గరికే పరిగెత్తుకొచ్చాను నాన్నా. మొదట నీకే చూపించాలని."