వద్దనడం రాని గొంతు

ఏడున్నరకల్లా ఆ ఇంట్లో రెండు గొంతులు లేచాయి. ఒకటి రేడియమ్మది. రెండోది ఆవిడ భర్త చొక్కా జేబుకు తగిలించిన, అగ్గిపెట్టెంత తెల్లటి పరికరానిది.

రేడియమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఆరేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన మనిషి. రెండేళ్ళ కిందట ఆ కుర్చీలోకి మాట్లాడే యంత్రం వచ్చింది, ఆవిడ ఇంటికొచ్చింది. ఆవిడ రిటైరైంది గానీ ఆవిడ నోరు కాలేదు. భర్త పుస్తకాల బైండరు. పది మాటలు అనాల్సిన చోట ఆయన రెండే అనేవారు, మిగతా ఎనిమిదీ ఆవిడే పూర్తిచేసేది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం అలాగే సాఫీగా సాగిపోయింది.

ఐదు నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి చచ్చుబడింది. మాట తడబడి, ఒక్కో ముక్కా నూతిలోంచి తోడినట్టు రావడం మొదలెట్టింది. "మాటలన్నీ లోపల భద్రంగానే ఉన్నాయి, దారే మూసుకుపోయింది. ఆయనకు టైమివ్వండి" అన్నాడు డాక్టరు. టైమిచ్చే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. అందుకే, ఆయన మధ్యలో ఆపిన మాటను పూర్తిచేసే ఈ పరికరం అమ్మాయి తెచ్చింది.

ఆయన టీ ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "చ..." అన్నారు.

మూడు సెకన్లు గడిచాయి. జేబులోంచి అచ్చం ఆయన పాత గొంతే వినబడింది. "చాలా బాగుందండీ, థాంక్సండీ."

రేడియమ్మ మొహం చేటంత అయింది. పెళ్ళయినప్పటినుంచి ఆయన తనని ఒక్కసారి కూడా 'అండీ' అనలేదు. కానీ ఆయన కప్పు ముట్టుకోకుండా గోడకేసి చూస్తూ కూర్చోవడంతో అనుమానమొచ్చి తనూ ఒక గుక్క తాగింది. చక్కెర వెయ్యనేలేదు.

"ఏమే, మన కొత్త అల్లుడు చక్కెర లేని టీని మెచ్చుకున్నాడే!" అని వంటింట్లోంచి కేకేసింది. ఆ పరికరానికి ఆవిడ పెట్టిన పేరు కొత్త అల్లుడు. ఇంట్లో మంచి చోటు చూసుకుని కూర్చుంటాడు, రోజూ చార్జింగు పెట్టి మర్యాదలు చెయ్యాలి, అన్నింటికీ తల ఊపుతాడు, పని మాత్రం ఏమీ చెయ్యడు.

అమ్మాయి నవ్వేసింది. మాట్లాడే యంత్రాలకు మాటలు నేర్పే కంపెనీలో ఆమె ఉద్యోగం. మేడమీది గదిలో కూర్చుని రోజంతా అవి మనుషులతో చేసిన సంభాషణలు చదివి, తప్పులు దిద్దుతుంది. "అమ్మా, పదిసార్లలో తొమ్మిదిసార్లు కరెక్టుగానే చెబుతోంది కదా. వచ్చే ఏడాదికి ఇంకా బాగా నేర్చుకుంటుంది. ఐదేళ్ళు ఆగితే నాన్న మొహం చూసే చెప్పేస్తుంది."

"అప్పటిదాకా చేదు టీ ఆయన తాగాలన్నమాట."

"ఈ పూటకి పోట్లాట వద్దమ్మా. పదింటికి ప్రెస్సాయన వస్తారు. నాన్నకి ఉతికిన చొక్కా తొడుగు."

ఆ మాటతో రేడియమ్మ నోరు మూతపడింది. ఆ ఇంట్లో అదేమంత చిన్న విషయం కాదు.

కింది అంతస్తంతా బైండింగు షాపు. మధ్యలో కాగితాలు కోసే పెద్ద కటింగు మెషీను. దాని పక్కన పొడుగాటి బల్ల, కుట్టు చట్రం, మైనం పట్టించిన దారపు ఉండలు, జిగురు డబ్బాలు. పైకి పదిహేడు మెట్లు. జబ్బు చేశాక ఆయన రెండుసార్లు మెట్ల మీద జారారు. రెండోసారి పడినప్పుడు అమ్మాయే పరుగెత్తుకెళ్ళి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. షాపు తీసేసి కింద నాన్నకు పడగ్గది చెయ్యాలని పట్టుబట్టింది. పోయిన వారం భోజనాల దగ్గర అడగనే అడిగింది. "నాన్నా, కింద ఖాళీ చేసేద్దామా? సామానంతా ప్రెస్సాయన తీసుకుంటానన్నారు."

ఆయన నోరు తెరిచారు. "అ..." దగ్గరే ఆగిపోయారు. పరికరం అందుకుంది. "అలాగేనండీ, తప్పకుండా. మీ ఇష్టం."

ఆయన ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు. అలసిపోయారేమో అనుకున్నారు ఇద్దరూ. రేడియమ్మకు మాత్రం ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. షాపంటే ప్రాణమిచ్చే మనిషి అంత తేలిగ్గా సరేనంటాడా? కానీ అన్నది ఆయన గొంతే. ఆ గొంతుతో ఎలా వాదిస్తుంది?

పదింటికి వ్యాను వచ్చి షాపు ముందు ఆగింది. ప్రెస్సాయన తన ఇద్దరు పనివాళ్ళతో దిగాడు. పక్క వీధిలో ప్రింటింగు ప్రెస్సు ఆయనది. ఇరవై ఏళ్ళుగా ఆయన అచ్చేసిన పుస్తకాలన్నింటికీ కుట్లు ఈ షాపులోనే పడ్డాయి. లోపలికి రాగానే కటింగు మెషీను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్న బైండరు ఎదుట నిలబడ్డాడు.

"అన్నగారూ, అమ్మాయి అంతా చెప్పింది. అయినా మీ నోటితో ఒక్కమాట వింటే నాకు తృప్తిగా ఉంటుంది. ఈ సామానంతా నేను తీసుకెళ్ళనా?"

బైండరు ఊపిరి గట్టిగా పీల్చుకున్నారు. మెడనరాలు ఉబ్బాయి. "మె..."

"మీరు అడిగితే కాదంటామాండీ," అంది జేబులోని గొంతు, చిరునవ్వు కూడా కలిపి. "తప్పకుండా తీసుకెళ్ళండి. ఇంకేమైనా కావాలంటే చెప్పండి."

బైండరు ఎడమచేత్తో బల్లను ఒక్క చరుపు చరిచారు. దారపు ఉండలు ఎగిరి కింద దొర్లాయి.

"నాన్నా, కంగారు పడకు," అంటూ అమ్మాయి ఆయన భుజం పట్టుకుంది. "ఎమోషన్ ఎక్కువైతే ఇలాగే..."

"చెయ్యి తియ్యి," అంది రేడియమ్మ. పెద్దగా అరవలేదు. బస్టాండులో ప్రమాదమేదైనా జరిగినప్పుడు ఆవిడ వాడే గొంతది. వెళ్ళి, భర్త జేబుకున్న పరికరాన్ని ఊడబెరికి, బల్ల మీదున్న జిగురు డబ్బా మూత తీసి అందులో పడేసింది. ఐదు నెలలుగా ముట్టనందువల్ల జిగురు రాయిలా గట్టిపడి ఉంది. పరికరం టక్కుమని దాని మీద పడి, "అలాగేనండీ, రేపు రండి," అంది. ఆవిడ మూత బిగించేసింది.

"అమ్మా! అదేంటో తెలుసా నీకు? నాన్న పదకొండేళ్ళపాటు మాట్లాడిన గొంతది! షాపు ఫోన్లో ఉన్న నాలుగు వేల వాయిస్ మెసేజీలు ఒక్కొక్కటే విని ఎక్కించాను. నిద్ర మానుకుని చేశానమ్మా!"

"షాపు ఫోనా?" రేడియమ్మ కూతురికేసి వింతగా చూసింది. "అంటే గిరాకీలతో మాట్లాడినవే కదా?"

"మరి నాన్న గొంతు ఇంకెక్కడ దొరుకుతుంది?"

"అందుకే నన్ను అండీ అంటోంది!" ఆవిడ తల పట్టుకుంది. "గిరాకీల దగ్గర మీ నాన్న నోట్లో నాలుక లేని మనిషే తల్లీ. అర్ధరూపాయి పనికైనా, చెయ్యలేని పనికైనా అలాగేనండీ, తప్పకుండా అండీ. ఎవరినైనా కాదన్నారా ఈయన ఎప్పుడైనా? ఏం ప్రెస్సుగారూ, మిమ్మల్ని కాదన్నారా?"

ప్రెస్సాయన తల అడ్డంగా ఊపాడు. "ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా లేదమ్మా. వారం పట్టే పనిని కూడా రేపే ఇస్తాననేవారు."

అమ్మాయి మొహం పాలిపోయింది. నాలుగు వేల మెసేజీలు చెవుల్లో మళ్ళీ తిరిగాయి కాబోలు, జిగురు డబ్బాకేసి చూసింది.

ఇక రేడియమ్మను ఆపేవాళ్ళెవరు? "వినండి! ఆయన వద్దంటున్నారు! ఈ మెషీను ఆయన ప్రాణం. ఇందులోంచి ఒక్క మేకు కూడా కదలడానికి వీల్లేదు. రేపో ఎల్లుండో చెయ్యి కుదుటపడుతుంది, మళ్ళీ మెషీను మీద కూర్చుంటారు. బస్టాండులో నా కుర్చీ తీసుకున్నారు, నోరు మూసుకున్నాను. ముసలావిడ పరుగెత్తుకొస్తుంటే కిటికీలోంచి చూసి బస్సు ఆపించేదాన్ని. ఆ యంత్రానికి కిటికీ కూడా అక్కర్లేదట. పోనీ అనుకున్నాను. ఇది నా ఇల్లు. ఇక్కడ మాత్రం మీ నాన్న మాటకు అడ్డొస్తే ఊరుకోను! ఆయన ఏమంటున్నారంటే..."

బల్ల మీద రెండో చరుపు పడింది. ఈసారి బైండరు కోపం పరికరం మీద కాదు. పెళ్ళాన్ని చూస్తున్నారు.

ఆ చూపు ఆవిడకు తెలుసు. ఏళ్ళ తరబడి, ఆయన రెండు మాటలనగానే తను మిగతాది అందుకున్నప్పుడల్లా ఆ చూపు వచ్చేది. చూసీ చూడనట్టు ఊరుకునేది. ఈ పరికరమైనా మూడు సెకన్లు ఆగింది. తను ఎప్పుడైనా ఆగిందా?

"నేనూ... తప్పే చెప్పానా?" అని అడిగింది. గొంతు అంత చిన్నగా రావడం ఆవిడకే వింతగా తోచింది.

ఆయన తల ఊపారు.

రేడియమ్మ స్టూలు లాక్కుని ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "సరే. చెప్పండి. ఎవరైనా మధ్యలో మాట్లాడితే వాళ్ళ సంగతి చూస్తాను. నా సంగతి కూడా."

బయట వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. ప్రెస్సాయన వెళ్ళి వాడి చేతిమీద ఒకటి వేసి వచ్చాడు. బైండరు పెదవులు బిగుసుకుని, విడివడి, మళ్ళీ బిగుసుకున్నాయి. అమ్మాయి అందించబోయిన మాటను గొంతులోనే దిగమింగింది. రేడియమ్మ కింది పెదవిని పళ్ళతో పట్టుకుని కూర్చుంది. ఒక మాటకు మనిషి ఇంత కష్టపడతాడని ఆవిడ అంత దగ్గరనుంచి ఎప్పుడూ చూడలేదు.

"మెషీను..." అన్నారాయన. నిమిషం గడిచింది. "తీసు... కెళ్ళు."

ఎవరూ కదల్లేదు. ఇంకా ఉందని ఆ కళ్ళే చెబుతున్నాయి.

"గది..." నుదుటిమీద చెమట పట్టింది. "నాది."

ఎడమచెయ్యి లేచింది. కటింగు మెషీను ఉన్న చోటును చూపించింది. "మంచం... అక్కడ."

మెషీను పోతే అక్కడ మంచం పడుతుంది. బల్ల బల్లగానే ఉంటుంది. మెట్లు ఎక్కక్కర్లేదు, షాపు మూయక్కర్లేదు. వారం రోజులుగా ఇంత తేలికైన లెక్క ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తట్టిన మనిషి ప్రతిరోజూ చెప్పబోతూనే ఉన్నారు.

"మరి కుట్టేదెవరండీ?" అనేసి, రేడియమ్మ గబుక్కున నోరు నొక్కుకుంది.

ఆయన పెదవుల మీద, ఐదు నెలల తర్వాత, ఒక పక్కకు వంగిన నవ్వు వచ్చింది. వేలు ఆవిడవైపు తిరిగింది. "నువ్వు... కుట్టు." ఊపిరి కూడదీసుకున్నారు. "నేను... చెప్తా."

రేడియమ్మ ఆయన మోకాలి మీద తల ఆన్చి భోరుమని ఏడ్చేసింది.

అమ్మాయి నేలమీదే కూలబడింది. "నాన్నా, ఆ రోజు భోజనాల దగ్గర కూడా ఇదే చెప్పబోయావా?"

ఆయన తల ఊపారు.

"నాకు కావలసిన జవాబు నీ గొంతుతో వచ్చింది నాన్నా. అందుకే ఇంకోసారి అడగలేదు. భయమేసింది, మళ్ళీ పడిపోతావేమోనని. క్షమించు నాన్నా," అంటూ ఆయన చచ్చుబడిన కుడిచేతిని చెంపకు ఆనించుకుంది. ప్రెస్సాయన గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత పనివాళ్ళను పిలిచి మెషీను ఒక్కటే ఎత్తించాడు. వెళ్తూ వెళ్తూ, "ఇంతకీ నా కొత్త పుస్తకం ఎవరు కుడతారు వదినగారూ?" అని అడిగాడు.

"రేపు రండి," అంది రేడియమ్మ ముక్కు చీదుకుంటూ.

వారం తిరిగేసరికి మంచం కిందికి దిగింది, షాపు తలుపులు తెరుచుకున్నాయి. రేడియమ్మ కుట్టు చట్రం ముందు కూర్చుని, కాగితాల మడతల్లోంచి సూది దూర్చుతోంది. ఆయన పక్కనే కుర్చీలో ఉన్నారు. దారం వదులైనప్పుడల్లా "వద్దు" అంటున్నారు. ఆ ఒక్క మాటా రావడానికి కాసేపు పడుతోంది. అప్పటిదాకా సూది గాలిలోనే ఆగుతోంది. ఉదయంనుంచి ఆవిడ మూడుసార్లు విప్పి మళ్ళీ కుట్టింది. మూడోసారి మాత్రం, "మీకు మాటొచ్చిందనుకుంటే తిట్టడమే వచ్చిందే!" అని గొణిగింది.

అమ్మాయి పరికరాన్ని తుడిచి తెచ్చి బల్లమీద పెట్టింది. "నాన్నా, నిజం చెబుతాను. ఇది ముందుముందు చాలా నేర్చుకుంటుంది. నాకంటే బాగా కూడా మాట్లాడుతుందేమో. కానీ నువ్వెప్పుడూ అనని మాటను నీ గొంతులో ఇదెలా అంటుందో మాత్రం నాకు తెలీదు. తీసెయ్యమంటావా?"

ఈసారి ఆమె జవాబు కోసం ఆగింది. రేడియమ్మా ఆగింది.

"ఉండనీ," అన్నారాయన. తర్వాత చాలాసేపటికి, "దానికి... 'వద్దు'... నేర్పు."

అమ్మాయి ఫోన్లో రికార్డింగు పెట్టి ఆయన ముందుంచింది. ఆయన వీపు నిటారుగా చేసుకుని కూర్చున్నారు. "వద్దు," అన్నారు. మళ్ళీ, "వద్దు." ముప్పై ఏళ్ళు అలాగేనండీ అన్న గొంతు ఒక్కోసారికీ గట్టిపడుతోంది. నాలుగోసారికి రోడ్డుమీద వెళ్ళేవాళ్ళు తలతిప్పి చూశారు. పదోసారికి పక్క షాపువాడు బయటికొచ్చి, ఏమైందండీ అని తొంగిచూశాడు. ఆయన వాడికేసి చూస్తూనే ఇంకోసారి అన్నారు.

"చాలా నాన్నా?" అని అడిగింది అమ్మాయి.

చాల్లేవే, అలిసిపోతారు అన్న మాట రేడియమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, సూది పక్కన పెట్టి, భర్త పెదవులకేసి చూస్తూ కూర్చుంది.

ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

"ఇంకా," అన్నారు.