తోలు లోపలి మొగం

"మూడు సినిమాలాయ సర్దారూ. మూడిట్లోనూ మా ఓబులయ్య మృగం తోలు లోపలే. ఒక్కసారన్నా వాని మొగం చూపియ్యవా?"

"మృగం మొగం చూపిస్తే ఎవురు బయపడతారక్కా?"

"మా మొగాలకు బయపడరా? చూపిచ్చి చూడు."

సర్దారు ప్రొద్దుటూరులో పెండ్లిండ్లకు వీడియో తీస్తాడు. పెండ్లిండ్లు లేనప్పుడు జమ్మలమడుగు నాపరాళ్ల గనిలో మృగం సినిమాలు తీస్తాడు. వాటిల్లో మొదట సచ్చేది చర్చికాడుండే దేవపాలు. తర్వాత హజరాబీ. మృగం ఏసం నా కొడుకు ఓబులయ్యది. కడదాకా బతికేది మటుకు మద్రాసునుంచి పిలిపిచ్చే తెల్లపిల్ల.

ఈసారి పోట్లాడి ఒప్పిచ్చినా. మృగాన్ని నరికినాక తోలు ఊడబెరికి మొగం చూపిస్తానన్యాడు.

తోలు కుట్టేది నేనే. గొర్రెతోళ్లు చాల్లేదు. ఎదకాడ నా మొగుడు ఓబయ్య గొంగడి కోసి వేసినా. ఎలక్షన్లప్పుడు వాన్ని నరికి సంపిన పొద్దు కప్పుకోనుండిందే. మరకలు పోలా. మా గొర్లల్లో పిల్ల సచ్చిన తల్లికి, ఆ సచ్చిందాని తోలు ఇంగో పిల్లకు తొడిగి చూపిస్తాం. వాసన పట్టి, నా బిడ్డే అనుకోని పాలిస్తాది. నాయన వాసన కొడుక్కు మంచిదే గదా అనుకున్యా.

మృగాన్ని నరికే సీను తీసేటప్పటికి పొద్దు గూకతాంది. గని అడుగున కుళ్లిన నీళ్ల వాసన. బండలు ఇంకా కాలతాండాయి. కట్టె కొడవళ్లు చేపియ్యను సర్దారుకాడ దుడ్లు యాడివి? ఊరోళ్లు ఇండ్లల్లో ఉండే నిజం కొడవళ్లే తెచ్చినారు, తగలకుండా ఇసరాలని మాట. ముందర నాగప్ప. నా మొగుణ్ణి నరికినోళ్లల్లో వాడొకడు. కేసు నిలబల్యా.

బండమీద గోళ్లు గీకిన సప్పుడు... మృగం వచ్చింది. గట్టుమీద నా గొర్లన్నీ ఒకటేసారి అరిసినాయి. ఒకటేసారి ఆగినాయి.

"నాగప్ప దిక్కు నడువు అబ్బీ!" సర్దారు అరిసినాడు.

అది ఆ దిక్కే పోయింది. గుసగుసగా అనింది.

"నాగప్పా... ఒక్క గుక్క నీళ్లప్పా..."

సచ్చేముందు నా మొగుడు అడిగింది అదేనని కోర్టులో సాక్షి చెప్తే ఇన్యా.

నాగప్ప నరికినాడు. భుజం తెగింది. నెత్తురు వాని కండ్లల్లో చిమ్మింది. మళ్లా నరికినాడు. మృగం వాని గొంతు పట్టుకున్యాది. కటుక్కున ఇరిగింది. తల ఈపు దిక్కు తిరిగింది. కాళ్లు కొట్టుకున్యాయి... ఆగినాయి.

అందరూ ఉరికినారు. మృగం కూలబడింది.

"నాయనా, ఓబులయ్యా!" తోలు పట్టుకోని చించినా.

లోపల ఎవురూ లేరు. గొంగడి మటుకు తడిగా, వెచ్చగా ఉంది.

"అమా... తోలు యాడ పెట్టినావు? ఎతికి ఎతికి సాలైంది."

వెనకాల ఓబులయ్య. చేతిలో టీ గలాసు. వాన్ని తడిమి చూసినా. ఒంటిమీద గీత కూడా లేదు.

సర్దారు క్యాసెట్టు వెనక్కి తిప్పి, కెమెరాలో కన్ను పెట్టి చూసినాడు. శానాసేపు చూసినాడు. నా చెవికాడికొచ్చినాడు.

"తోలు చించేటప్పుడు నీ వెనకాల గలాసు పట్టుకోని ఒకడుండాడక్కా... దీంట్లో వాడు ఓబులయ్య కాదు."

"మరెవురు?"

సర్దారు జేబులో ఉండేదంతా తీసినాడు. తల ఎత్తకుండా నా కొడుకు ముందర చేయి చాపినాడు.

"మొగం పడిందానికి... తీసుకో ఓబయ్య బావా."

నాయన పేరుతో పిలిచినా నా కొడుకు నవ్వలా. తీసుకున్యాడు. మున్నూట యాభై రూపాయలు.