గోరింగేరు సాక్షులు

2091లో గోరింగేరు నది దిగువ ఊళ్ళలో కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చేవి. అందులో ఎవరికీ వింత కనిపించేది కాదు. ఎగువన, ఆంధ్ర ఒడిశాల హద్దుకు రెండు వైపులా, కొండల్లో బాక్సైట్ ఉంది; విద్యుత్ కేంద్రానికి అనువైన లోయ ఉంది. వాటిని ఎవరూ తాకకుండా ఆపుతున్నది పరీవాహక రక్షణ చట్టం.

ఆ చట్టం దాహవాహిని మీద నడిచేది. అది మణికట్టుకు కట్టుకునే పట్టీ. నదిలోని సెన్సర్లు పంపే నీటిమట్టం, మురికి లెక్కలు అందులో సంకేతాలై నరాల గుండా మెదడుకు చేరి దాహంగా మారతాయి. గని తవ్వుతామని ఎవరైనా వస్తే, తవ్వాక నదికి పట్టబోయే గతిని లెక్కగట్టి ఆ దాహాన్ని ముందే పంపుతుంది. ఆ పట్టీ కట్టుకుని నది తరఫున చెప్పడానికి రాష్ట్రానికి ఒక సాక్షి. ఇద్దరిలో ఒక్కరు దాహం లేదన్నా గనికి అనుమతి వచ్చేస్తుంది.

పట్టీని విచారణ రోజున కట్టుకుంటే చాలు. కాని ఆంధ్ర సాక్షి పాంగి మాలతి, నదికి సెలవులుండవు కదా అనుకుని, పద్నాలుగేళ్ళుగా స్నానానికైనా విప్పలేదు. ఒడిశా సాక్షి దాశరథి ఖొరా కూడా అంతే. ఈ మధ్య దాహం తగ్గితే నది కోలుకుందని మాలతి సంతోషించింది.

కిందటి విచారణ జరిగిన ఆరేళ్ళకు మళ్ళీ విచారణ వచ్చింది. గని లెక్కలు పట్టీలోకి ఎక్కించారు. మాలతికి ఏమీ అనిపించలేదు. టెక్నీషియన్ భానోజీని పక్కకు పిలిచి, పట్టీ చెడిందేమో చూడమంది. అతను రెండుసార్లు చూశాడు.

"పట్టీ బాగానే ఉందమ్మా. దాహం నిండుగా వస్తంది. మీకే అలవాటైపోనాది."

ఆగకుండా వచ్చే చప్పుడును చెవి వదిలేసినట్టే మెదడు దీన్నీ వదిలేసిందన్నాడు. పట్టీ విప్పి ఉంచితే ఏడాదికి ఆ దాహం తిరిగి తెలియవచ్చట.

గని కంపెనీ వకీలు మర్యాదగా అడిగాడు, దాహంగా ఉందా అని. ఆమె ఎన్నడూ అబద్ధపు సాక్ష్యం చెప్పలేదు.

"ఉంది," అంది.

ఖొరా కూడా ఉందన్నాడు. అనుమతి నిరాకరించారు.

బయట వరండాలో ఖొరా మాలతి పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"పోయినసారికే నాకు ఆ దాహం పోయింది దీదీ. గుర్తున్నదాన్ని బట్టి చెప్పాను. ఈసారి అదీ గుర్తు రాలేదు. మీరు ఉందన్నారని నేనూ అన్నాను." తర్వాత అడిగాడు. "ఎలా ఉంటుంది?"

"గొంతులో ఇసుక పోసినట్టు," అంది మాలతి.

అది ఆరేళ్ళ కిందటి విచారణలో అతను చెప్పిన మాటే. అతను శ్రద్ధగా తలూపాడు.