గీత దాటిన బఫర్

మేడ్చల్‌లోని డిటెక్టివ్ మనోరమ ఆఫీసులోకి వస్తూనే సాయిప్రియ కుర్చీలో కూలబడింది.

"ఉద్యోగం పోతే పోనీండి మేడమ్. లంచం తిని సాక్ష్యం పాడుచేశానని మా ల్యాబ్ యజమాని పోలీసులకు చెబుతారట. ఇంటికెళ్లి అమ్మకి ఏ మొహం చూపించనండీ?"

విషయం ఇదీ. లింగం అనే రైతు మిరపతోట కాపు లేకుండా పోయింది. విత్తనం నకిలీదని ఆయన కేసు వేశాడు. మిగిలిన నాలుగు గింజల్లోంచి డీఎన్ఏ తీసి, జెల్ పలకలో పెట్టి, కరెంటు ఇచ్చి, పడిన చారలను బట్టి రకం తేల్చే పని శామీర్‌పేట ల్యాబ్‌లో సాయిప్రియది. ఇవాళ ఆమె భోజనానికి వెళ్లి వచ్చేసరికి జెల్ కరిగి ముద్దయింది. జెల్‌కీ, దాన్ని ముంచే ట్యాంకుకీ వాడే బఫర్ అనే లవణ ద్రావణాన్ని కావాలనే తప్పుగా కలిపిందని నేరం ఆమె నెత్తిన పడింది.

"ఎట్ల కలిపినవ్?" అంది మనోరమ.

"యాభై రెట్లు చిక్కటి ద్రావణం ఇరవై మిల్లీలీటర్లు, నీళ్లు తొమ్మిదివందల ఎనభై. మొత్తం లీటరండీ. అందులోంచే జెల్ పోశాను, ట్యాంకు గీత దాకా నింపాను. మిగిలింది సీసాలోనే ఉంది."

మనోరమ వంగి ఆమె చెవిలో ఏదో అడిగింది. సాయిప్రియ కూడా ఆవిడ చెవిలోనే జవాబు చెప్పింది. అదేమిటో అసిస్టెంట్ ప్రణయ్‌కి మాత్రం చెప్పలేదు. ఆవిడంటే అతనికి ప్రాణమే గానీ, ఇలాంటప్పుడు ఒళ్లు మండుతుంది.

శామీర్‌పేటలో ల్యాబ్ యజమాని యాదగిరి గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "జల్దీ కానియ్యున్రి మేడమ్. పొద్దుగూకకముందే స్టేషన్‌కు పోవాలె. నా ల్యాబ్ పేరు ఖరాబైతాంది!"

కరెంటు పెట్టె మీద అంకె సరిగ్గానే ఉంది. ట్యాంకులో బఫర్ మాత్రం గీత దాటి రెండు వేళ్లు పైకి ఉంది.

"పది రెట్లు చిక్కగా కలిపిందండీ," అన్నాడు సీనియర్ సైంటిస్ట్ ఫణిభూషణ్. "అందుకే కరెంటు ఎక్కువ పారి, వేడెక్కి కరిగింది. ఇంకేం చూస్తారు?"

ఆయన వాచీ పట్టీ మీద తెల్లటి మరక ఎండిపోయి ఉంది. పెరుగన్నం తిని చెయ్యి సరిగ్గా కడుక్కోలేదు కాబోలనుకున్నాడు ప్రణయ్.

"మీరు లంచ్‌కు పోలేదా సార్?" అంది మనోరమ.

"శనివారం కదండీ, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. నా గదిలోనే ఉన్నాను. ఇటు తొంగి చూడలేదు."

మనోరమ అందరినీ పిలిచి గాజు పలక మీద రెండు చుక్కలు వేసింది. ఒకటి సాయిప్రియ సీసాలోది, ఒకటి ట్యాంకులోది. వేడి చేసింది. సీసా చుక్క ఎండి పలచటి మసక మిగిలింది. ట్యాంకు చుక్క తెల్లగా పెచ్చు కట్టింది.

"పిల్ల లెక్క తప్పితే రెండూ ఒక్క తీరుగనే ఎండాలె. తప్పలేదు. ఆమె పోయినంక ఎవరో చిక్కటి ద్రావణం ట్యాంకుల గుమ్మరించిన్రు. అందుకే గీత దాటింది. చిక్కదైనా పలచదైనా సూడనీకి నీళ్ల లెక్కనే ఉంటది. తొంగి గూడ సూడని మీకు పది రెట్లని ఎట్ల దెల్సింది సార్?"

ఫణిభూషణ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఈ పెచ్చు లెక్కనే ఉన్న ఆ వాచీ మీది మరక ఏంది?"

"పె... పెరుగండీ."

"పచ్చి మంచినీళ్లు గూడ ముట్టలేదంటిరి గద!"

ఆ విత్తనం అసలైనదని నిరుడు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది ఫణిభూషణే. చారలు పడితే ఆ సంతకం అబద్ధమని తేలిపోతుంది.

"అయితే ఏం చేస్తారండీ?" అన్నాడతను బింకంగా. "డీఎన్ఏ అంతా కరిగిపోయింది. ఇక ఆ సంతకాన్ని ఎవరూ కాదనలేరు."

"ఎవరన్నరు? సాయిప్రియా, నా చెవిల చెప్పింది ఇగ అందరికీ చెప్పు."

"సగమే జెల్‌లో వేశానండీ. మిగతా సగం ఫ్రీజర్‌లో దాచాను. ఎవరిని నమ్మాలో తెలియక ఇక్కడ నోరెత్తలేదు," అంది సాయిప్రియ.

యాదగిరి తల దించుకున్నాడు. "మాఫ్ చెయ్యి బిడ్డా. స్టేషన్‌కు పోతా గని, నీ మీద కాదు. నువ్వు జెల్ మళ్లా పొయ్యి."

సాయిప్రియ కళ్లు తుడుచుకుని కొలజాడీ అందుకుంది. చిక్కటి ద్రావణాన్ని అందులో సరిగ్గా ఇరవై దగ్గర ఆపి, ఫణిభూషణ్ కళ్లెదుటే పైకెత్తి పట్టుకుంది.

"చూడండి సార్. లెక్క సరిపోయిందా?"