కంపు చీటీలు

కూతురి బ్యాగు దులుపుతుంటే అమ్మకు ఆరు చీటీలు దొరికాయి. అన్నీ ఇంగ్లీషే. పదో తరగతి చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

"ఫర్ యూ. డెడ్ ర్యాట్. టూ డేస్."

ఆవిడ తెలుగులోకి మార్చుకుంది. నీకు, చచ్చిన ఎలుక, రెండు రోజులు. అంటే రెండు రోజుల్లో ఎవడో పిల్లను ఎలుకలా చంపేస్తాడన్నమాట. రెండో చీటీలో కుళ్లిన గుడ్లు. మూడోదాంట్లో తడి సాక్సులు. కింద సంతకం బదులు నవ్వే ముక్కు బొమ్మ. ప్రేమించలేదని పగబట్టాడు కాబోలు.

ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి కూతురి చెప్పు వేసుకుని పిల్ల ఆఫీసుకు పరుగెత్తింది. మురుగు ఫిర్యాదులు చూసే సెక్షను అది. కూతురు, ఆమె పక్కనే ఒక పొడుగాటి కుర్రాడు మెట్లమీదే ఎదురయ్యారు.

"ఈ ముక్కు ఎవరిది?" చీటీ ఎత్తి చూపించింది.

"నాదేనండి. డ్రైనేజీ ఇన్‌స్పెక్టర్ని."

"మా పిల్ల నీకేం అపకారం చేసింది బాబూ?"

"అమ్మా, పరువు తీయకు. నేనే రాయించుకున్నా," అంది కూతురు.

"తిట్లు ఎవరైనా రాయించుకుంటారటే?"

"తిట్లు కాదు, కంపులు. ఫిర్యాదు వచ్చిన చోటికి నేను వెళ్లి, కంపు ఎలాంటిదో ఇంగ్లీషులో రాసి పంపాలి. ఉత్త బ్యాడ్ స్మెల్ అంటే పైవాళ్లు తిప్పి పంపేస్తారు. ఎలుక చచ్చి ఎన్నాళ్లయిందో, పైపు పగిలిందో తెలియాలిగా."

"నీకు ముక్కు లేదూ?"

కూతురు గొంతు తగ్గించింది. "మొన్నటి జ్వరం నుంచీ పనిచేయట్లేదు. నువ్వు హడలిపోతావని చెప్పలేదు. ఇక్కడ తెలిస్తే ఉద్యోగం పోతుంది."

మాడిన కూరను పిల్ల లొట్టలేస్తూ తిన్నది ఇందుకా అనుకుంది అమ్మ.

"నేను వాసన చూసి చీటీ రాస్తానండి, తను రిపోర్టు చేస్తుంది," అన్నాడు కుర్రాడు. "ఏ కంపు, ఎంత కంపు అని ప్రాణం తీసేది. ఇప్పుడు ఎక్కడ కంపు కొట్టినా మీ అమ్మాయే గుర్తొస్తోంది."

"చూశావా అమ్మా, ఇలా పొగుడుతాడు," అంటూ కూతురు అతన్ని మోచేత్తో పొడిచింది. బుగ్గలు మాత్రం ఎర్రబడ్డాయి.

అమ్మకు అవేవీ వినిపించడం లేదు. "రేపు పెళ్లయి వేరే ఇంటికెళ్తే, గ్యాస్ లీకైతే దీనికెవరు చెప్తారు?"

"నేను చెప్తాను అత్తయ్యా."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఆ మాట ముందు నాతో అనాలి," అంది కూతురు, గోడవైపు తిరిగి నవ్వుతూ.

అమ్మ అతన్ని కాళ్ల నుంచి తలదాకా చూసి, ముక్కు దగ్గర ఆగింది.

"నీకు జలుబు తరచూ చేస్తుందా బాబూ?"