అడగందే మాట్లాడని కంప్యూటర్

ఆ ఇంట్లో నేను అడుగు పెట్టగానే పాట మోగింది. మామూలుగా కాదు, చెవులు చిల్లులు పడేట్టు. సోఫాలో కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. ఆయన చేతిలో కాఫీ అంతా నా చొక్కా మీద పడింది.

"చూశారా," అంది కంప్యూటర్ ముందున్న అమ్మాయి, నా చొక్కా వంక చూడకుండానే. "ఇదీ దీని వరస."

ఆమె పళ్ల డాక్టర్. పెద్దాయన వాళ్ల నాన్న, రిటైరైన లెక్కల మాస్టారు. నేను వీధి చివర కంప్యూటర్ రిపేరు షాపువాణ్ణి. పేషెంట్లు ఎక్స్‌రేలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తారట. సాయంత్రం ఇంట్లో చూద్దామని ఈమె గుచ్చితే చాలు, అందులో ఉన్న పాటలూ వీడియోలూ వాటంతటవే మొదలైపోతాయట.

"నిన్న ఒకాయన దవడ చూద్దామని పెడితే ఆయన మేనకోడలి డాన్సు మొదలైంది. నాన్న ఇలా రోజూ ఉలిక్కిపడుతుంటే ఎలా? నా ఇంట్లో అడగందే ఏదీ మాట్లాడకూడదు, అంతే."

"ఆటోప్లే అని ఉంటుందండీ. దాని టిక్ తీసేస్తే సరి," అన్నాను. ఆ ఒక్క ముక్కకే నాకు చెమటలు పట్టాయి. మెషీన్లతో రోజంతా మాట్లాడతాను గానీ, ఆడపిల్ల ఎదురుగా ఉంటే నా నాలుక మడతపడిపోతుంది.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి టిక్ తీశాను. ఆమె అదే పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టింది. కిక్కురుమనలేదు. కళ్లు ఇంత చేసుకుని నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నా బ్యాగు అక్కడే మర్చిపోయి రోడ్డు మీదికొచ్చేశాను.

బ్యాగు మర్నాడు మాస్టారే షాపుకి తెచ్చిచ్చారు. ఇక ఆమెతో మాట్లాడ్డానికి దారేముంది? పన్ను నొప్పి అని క్లినిక్‌కి వెళ్లాను. పచ్చి అబద్ధం. తీరా చూస్తే నిజంగానే రెండు పుచ్చుపళ్లు బయటపడ్డాయి.

"నోరు తెరవండి, రిపేరు గారూ."

తెరిచాను. దూది కుక్కింది. అప్పుడు మొదలెట్టింది కబుర్లు.

"మీకు పాటలిష్టమా?"

"ఆ..."

"షాపులో ఒక్కరే ఉంటారా?"

"ఆ..."

"భలే తక్కువ మాట్లాడతారండీ మీరు."

ఇంకోసారి వెళ్లినప్పుడు, డ్రిల్లు తిప్పుతూ మామూలుగా అంది. "నాకో సంబంధం వచ్చింది. ఆయనా డాక్టరే. ఆదివారం నాన్న వాళ్లకి మాటిస్తానంటున్నారు. మీరేమంటారు?"

నాకు దిమ్మ తిరిగిపోయింది. నోట్లో డ్రిల్లు, కళ్లలో నీళ్లు.

"నొప్పిగా ఉందా?" అంది.

"ఆ..." అన్నాను.

దూది తీశాకైనా చెప్పొచ్చుగా? చెప్పలేదు. మొద్దుబారిన దవడ పట్టుకుని షాపుకొచ్చాను. మైకు ముందు కూర్చుని చెప్పాల్సిందంతా రికార్డు చేశాను. ఎదురుగా మనిషి లేకపోతే నా నోటికి అడ్డే ఉండదు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి గురువారం ఆమె చేతిలో పెట్టాను.

"ఏముంది ఇందులో?"

"కంప్యూటర్‌లో పెట్టండి చాలు, అదే చెబుతుంది," అని పరుగు లంకించుకున్నాను.

శుక్రవారం ఉలుకూ పలుకూ లేదు. శనివారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్లిద్దరూ షాపు మెట్లెక్కారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇందులో ఏమీ లేదండీ," అని ఆమె పెన్‌డ్రైవ్ కౌంటర్ మీద పెట్టింది. మొహం చిన్నబోయి ఉంది. "పెడితే చాలు, అదే చెబుతుందన్నారని పావుగంట దాని ముందు కూర్చున్నాను. ఒక్క ముక్క మాట్లాడలేదు. అచ్చం మీలాగే."

"లేకపోవడమేంటండీ, పెట్టగానే దానంతటదే..." అని ఆగిపోయాను.

దానంతటదే ఎలా మోగుతుంది? మోగకుండా ఆపిందెవరు? నేనే, ఈ చేతుల్తోనే. ఊళ్లో ఇన్ని కంప్యూటర్లుంటే, నోరు నొక్కేసిన కంప్యూటర్‌నే నమ్ముకుని నా బతుకంతా దానికి అప్పజెప్పాను.

"పాడైందేమో చూద్దాం ఉండమ్మా," అంటూ మాస్టారు దాన్ని తీసి నా షాపు కంప్యూటర్‌కి గుచ్చేశారు. అందరివీ బాగుచేసే నేను, నా దాంట్లో ఆ టిక్ ఏనాడూ తీసిన పాపాన పోలేదు. పైగా పొద్దున్నే స్పీకర్లు టెస్ట్ చేసి సౌండ్ ఫుల్లులో వదిలేశాను.

"డాక్టర్ గారూ, నేను రిపేరుని."

వీధంతా వినిపించింది. మాస్టారు ఉలిక్కిపడి స్టూలు మీద కూలబడ్డారు.

"మీ కుర్చీలో కూర్చుంటే బతుకంతా ఇలాగే నోరు తెరుచుకుని ఉండిపోవచ్చనిపిస్తుంది. మీరంటే నాకు ప్రాణం. ఆ డాక్టర్‌కి మాటివ్వొద్దండీ. ఇంకోటి, మొదటిసారి వచ్చినప్పుడు నాకు ఏ పన్నూ నొప్పి లేదు..."

ఎదురు షాపులో టైలర్ మిషను ఆగిపోయింది. పీకేద్దామని పెన్‌డ్రైవ్ మీదికి దూకాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఏదో అనబోయాను. "మీరు నోరు మూసుకోండి," అంది. "అది చెప్పేది విననివ్వండి."

ఇన్నాళ్లకి మొదటిసారి ఆమె నన్ను నోరు మూసుకోమంది. మూసుకున్నాను.

రికార్డింగ్ అయిపోయింది. మాస్టారు నన్ను ఎగాదిగా చూసి జేబులోంచి ఫోన్ తీశారు.

"ఆదివారం దాకా ఎందుకు, ఆ సంబంధం వాళ్లకి ఇప్పుడే చెప్పేస్తాను," అన్నారు.

నా పని అయిపోయిందనుకున్నాను.

"మా అమ్మాయి మనసు ఇంకో చోట ఉందని చెబుతాను. ఇంట్లో రోజూ రిపేరు గారు ఇలా, రిపేరు గారు అలా. లెక్కల మాస్టార్నయ్యా, ఆమాత్రం కూడిక రాదా నాకు?" అంటూ ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచారు.

ఆమె మౌస్ అందుకుంది. ఆ రోజు నేను చేసింది గమనించినట్టుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోప్లే టిక్ తీసేసింది.

"ఇక ఇది కూడా అడగందే మాట్లాడదు," అని నా వైపు తిరిగింది. "ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతున్నాను. నోరు తెరవండి."

తెరిచాను. నోట్లో దూది లేదు, ఎదురుగా మైకు లేదు. మాట దానంతటదే వచ్చేసింది.